నూనె పెరిగిన ఇంజను

ఇంతవరకు ఇక్కడ మన ఇంటిపేర్లు, కులదైవం పండుగ, అవ్వ చెప్పిన వలస కతలు, మన తెలుగులో కలిసిపోయిన అరవ మాటలు, ఇవే వ్రాస్తా వచ్చినాము. ఈసారి బండ్ల సంగతి. వంశం కతల్లో కార్ల గొడవ ఎందుకని అడగవద్దు. పోయిన తై నెలలో సూలూరులో పెళ్ళికి పోతే, పంక్తిలో మా పక్కన కూర్చున్న చుట్టాలు బిడ్డల చదువులు, సెంటు రేట్లు మాట్లాడలేదు. "మీ బండికి ఇంజను దించినారంటనే, ఎంతయింది?" ఇదే మాట. ఒకరికి లక్షా ఇరవై వేలు. ఒకరికి రెండున్నర లక్షలు. మా చిన్నాయనకు నాలుగు లక్షల పదివేలు అని ఎస్టిమేటు చేతికిచ్చినారు. ఆపరేషను ఖర్చు చెప్పుకున్నట్లు చెప్పుకుంటా ఉండారు.

మేము అంటే నాయన పిల్లలము, చిన్నాయన పిల్లలము, అందరమూ కలిసి వ్రాసేది. ఏ కారు, ఏ కంపెనీ, ఏ షోరూము అనేది ఇక్కడ వ్రాయము. వ్యవహారం వినియోగదారుల కమిషన్ ముందు ఉంది. పేరు కావలసిన మనవాళ్ళు ఇంటికి రండి, కాపీ తాగి, కాగితాలన్నీ చూసి పోవచ్చు.

కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఇంజను కొత్త వస్తువు కాదు. మా ముత్తాత కాలంలో బావినీళ్ళు కపిలతో తోడేవాళ్ళు. జత ఎద్దులు, తోలు తొండం, మోకు. ఈ సీమలో బావులు రాతిలో తవ్వినవి, నూరడుగుల లోతు దాకా పోతాయి. ఎద్దులు వెనక్కీ ముందుకీ నడిచి నడిచి అలిసిపోతే ఆ పూటకు నీళ్ళు అంతే. తరువాత ఆయిలింజను వచ్చింది. 1930లలో పైకారా కరెంటు వచ్చినాక మిల్లులు లేచినాయి, మోటార్లు వచ్చినాయి. మన కులంవాడే, కలంగల్ ఊళ్ళో 1893లో పుట్టిన జి.డి. నాయుడు, 1920లో ఒక్క బస్సు కొని, తానే డ్రైవరుగా కూర్చుని పొల్లాచ్చికీ పళనికీ నడిపినాడు. ఆయనా డి. బాలసుందరం నాయుడూ కలిసి 1937లో ఇక్కడే ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసినారు. ఆయన గురించి మన ఇళ్ళలో చెప్పుకునే కతలలో సగం నిజము, సగం మనవాళ్ళు కలిపినవి. అవి ఇంకొకసారి. ఇప్పుడు చెప్పవలసింది ఏమంటే, ఆ గాలికి పీళమేడులో, గణపతిలో, ఆవారంపాళయంలో వీధికొక లేతు పట్టర వచ్చింది. మా తాతా ఒక చిన్న పట్టర పెట్టినాడు. పంపుసెట్లు బాగుచేసేది, మోటార్లకు తీగ చుట్టేది. నాయన, చిన్నాయన అక్కడే పెరిగినారు.

తాతకు ఒక అలవాటు ఉండేది. ఏ ఇంజను పట్టరకు వచ్చినా ముందు స్పానరు తీసేవాడు కాదు. నూనె పుల్ల బయటికి లాగి, కొసన ఉండే చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రుద్ది, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసేవాడు. గరగరమంటే లోపల లోహం అరిగింది. పాలమాదిరి తెల్లగా ఉంటే నీళ్ళు కలిసినాయి, హెడ్డు గ్యాస్కెట్టు పోయింది. పలచబడి కిరసనాయిలు వాసన వస్తే ఇంధనం కిందికి జారతా ఉంది, రింగులో నాజిలో చూడాల. నెత్తురు పరీక్షమాదిరి అన్నమాట. నూనె చూడకుండా ఇంజను విప్పేవాణ్ణి ఆయన పనివాళ్ళలో లెక్కపెట్టేవాడు కాదు.

మా ఇంటికి మొదట వచ్చిన కారును అందరమూ "పెద్దబండి" అనేవాళ్ళము. రెండు చేతులు మారినాక తాత కొన్నాడు. పాత కాలం గొప్పది, ఇప్పటివి ఏమీ కావు అని చెప్పేదానికి ఈ బండి సంగతి ఎత్తటం లేదు. నిజం చెప్పాలంటే పెద్దబండి ఆగినన్నిసార్లు ఇప్పటి ఏ కారూ ఆగదు. మేట్టుపాళయం దాటి కల్లారు నుంచి కున్నూరు ఘాటు ఎక్కితే, పదునాలుగు హెయిర్‌పిన్ వంపులలో నాలుగో ఐదో దాటక ముందే నీళ్ళు కాగేవి. బర్లియారులో ఆపి, రేడియేటరు మూతమీద తడిగుడ్డ వేసి, అరగంట ఆగి, మెల్లగా తిప్పితే బుస్సుమని ఆవిరి. ఎండాకాలంలో పెట్రోలు పంపులోనే ఆవిరి కట్టి బండి ఆగిపొయ్యేది. దానికి ఒక తడి గోనెపట్ట. మా అత్తకు ఆ ఘాటు అంటే ఇప్పటికీ పనసపండు వాసన, కాగిన ఇంజను వాసన, రెండూ కలిసే గుర్తు.

అరవై, డెబ్బై వేల కిలోమీటర్లకు "బోరుకు వచ్చింది" అనేవాళ్ళు. వెనకనుంచి నీలం పొగ, నూనె తాగటం, ఎక్కుడులో లాగలేకపోవటం. సింగానల్లూరు మేస్త్రి వచ్చి హెడ్డు దించేవాడు. బ్లాకును లేతు పట్టరకు తీసుకుపోయి ఇరవై తౌ బోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు, కొత్త రింగులు వేసేవాళ్ళు. రెండోసారి నలభై తౌ. మూడోసారి అరవై. అంతటితో ఆ బ్లాకుకు ఆయుసు తీరినట్లే, లేకపోతే స్లీవు కొట్టాల. వారం దినాలు బండి లేదు. ఖర్చు తక్కువేమీ కాదు, ఆ దినాలలో మా పట్టరలో రెండు మూడు నెలల రాబడి. అయినా ఎవరికీ కడుపుమంట ఉండేది కాదు. ఏమి పోయింది, ఎందుకు పోయింది, ఏమి వేసినారు అనేది కళ్ళతో చూసినాము. అరిగిన రింగును అవ్వ చేతిలో పెట్టి మేస్త్రి చూపించినాడు. అవ్వ దాన్ని చింతచెట్టు కింద మేకకు కట్టిన తాడుకు కడియంగా వాడుకునింది కూడా.

ఇప్పుడు చిన్నాయన బండి.

2021 ఆగస్టులో కొన్నారు. డీజిలు, పదమూడు లక్షలు. చిన్నాయన జీవితంలో మొదటి కొత్త కారు. అంతకుముందు అన్నీ చేతులు మారినవే. డీజిలు ఎందుకంటే వాళ్ళమ్మాయి, మాలో అందరికంటే చిన్నది, అప్పుడు సేలంలో హాస్టలులో చదవతా ఉండేది. నెలకు రెండుసార్లు పోవాల అనుకున్నారు. ఆ బిడ్డ మరుసటి ఏడే ఇంటికి వచ్చేసింది. షోరూములో రంగు అడిగినారు, సీటు కవరు అడిగినారు, ఇన్సూరెన్సు, లోను, ఫ్యాన్సీ నంబరు అన్నీ అడిగినారు. "దినానికి ఎంత దూరం నడుపుతారు సార్, ఎంతసేపు?" అని ఒక్కరూ అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది అంతా.

ఎందుకో చెప్పాల. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బి.ఎస్.6 బండ్లే అమ్మవలెనని వచ్చింది. బి.ఎస్.4 నుంచి ఐదు దాటి నేరుగా ఆరుకు పోయినారు. గాలి కోసం అది రావలసిందే, దాన్ని మేము తప్పు పట్టటం లేదు. ఆ లెక్క కుదరాలంటే డీజిలు కార్లకు పొగగొట్టంలో ఒక జల్లెడ పెట్టాల. డి.పి.ఎఫ్. అంటారు. మసి బయటికి పోకుండా అందులో నిలుస్తుంది. నిలిచిన మసిని ఎప్పటికప్పుడు కాల్చాల. కాల్చేదానికి ఆ జల్లెడ ఆరువందల డిగ్రీల దగ్గర దాకా వేడెక్కాల. పెద్దరోడ్డులో ఒకే వేగంతో పదిహేను, ఇరవై నిమిషాలు పోతే అది సరిగ్గా జరిగిపోతుంది. ఊళ్ళో ఐదు కిలోమీటర్లు పోయి ఆపి, మళ్ళీ ఐదు కిలోమీటర్లు పోయి ఆపితే మసి చేరతానే ఉంటుంది, కాలదు.

ఇక్కడే నూనె సంగతి వస్తుంది. జల్లెడను వేడి చేసేదానికి చాలా ఇంజన్లలో కంప్యూటరు ఒక పని చేస్తుంది. సిలిండరులో మంట అయిపోయే సమయానికి ఇంకొంచెం డీజిలు చిమ్ముతుంది. అది పొగతోపాటు పోయి జల్లెడ దగ్గర కాలాల. కానీ అందులో కొంత సిలిండరు గోడకు అంటి, రింగుల సందులలో జారి, కిందికి దిగి ఇంజను నూనెలో కలుస్తుంది. ఒకసారి అయితే పరవాలేదు. కాల్చటం మొదలైన ప్రతిసారీ నడుమలో బండి ఆపేస్తే, మరునాడు మళ్ళీ మొదలు, మళ్ళీ చిమ్మటం. నూనె తగ్గవలసింది పోయి పెరుగుతుంది. పెరిగింది నూనె కాదు, డీజిలు. పలచబడిన నూనె టర్బో బేరింగును కాపాడలేదు, క్రాంకు బేరింగులను కాపాడలేదు. టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగేది, దానికి ఆధారం ఆ నూనె పొరే.

మా ఇల్లు పీళమేడులో, పట్టర గణపతిలో. నడుమ ఐదారు కిలోమీటర్లు. ఆ ఏండ్లలో అవినాశి రోడ్డుమీద పైవంతెన పని జరగతా ఉండేది. ఉప్పిలిపాళయం నుంచి గోల్డ్‌విన్స్ దాకా పది కిలోమీటర్లు, 2025 అక్టోబరులో తెరిచి జి.డి. నాయుడు పేరు పెట్టినారు కదా, అదే. దాని కంబాల నడుమ ఎద్దుబండి వేగంతో కార్లు పోయేవి. అంటే ఈ జల్లెడకు పడని పని ఏదో, సరిగ్గా అదే చిన్నాయన దినమూ చేయవలసి వచ్చింది. కోయంబత్తూరులో కారు కొనేవాడు కోయంబత్తూరులో నడుపుతాడని అమ్మినవాళ్ళకు తెలియదా?

2022 ఏప్రిల్‌లో మొదటిసారి దీపం వెలిగింది. ఆరువేల కిలోమీటర్లు. షోరూములో మిషను పెట్టి కాల్చి పంపినారు. "హైవేలో వారానికొకసారి అరగంట తోలండి సార్" అన్నారు. చిన్నాయన చెప్పినది చెప్పినట్లు చేసే మనిషి. ప్రతి ఆదివారం పొద్దున అవినాశిదాకా పోయి వచ్చేవాడు. పని ఏమీ లేదు, బండి కోసమే. అవ్వ అంటుంది, "వానికి కుక్క లేని లోటు ఈ కారు తీర్చింది, తిప్పుకొచ్చేదానికి పోతా ఉండాడు" అని. అవినాశి శివుడికి ఇన్ని దండాలు పెట్టినవాడు మా వంశంలో ఇంకొకడు లేడు.

అయినా 2023 నవంబరులో, పందొమ్మిది వేల కిలోమీటర్లకు టర్బో పోయింది. వారంటీలో మార్చినారు. మార్చినా "కన్సూమబుల్స్" అని ఇరవై ఎనిమిది వేల నాలుగువందలు బిల్లు. 2024 జూన్‌లో జల్లెడ మూసుకుపోయింది. అప్పటికి వారంటీ ఇంకా రెండు నెలలు ఉంది. "ఇది పార్టు లోపం కాదు సార్, డ్రైవింగ్ ప్యాటర్న్" అని చెప్పి లక్షా పన్నెండు వేలు కట్టించుకున్నారు. పాత జల్లెడ ఇవ్వండి అంటే ఇవ్వలేదు. అక్టోబరులో, తిరుప్పూరు నుంచి అవ్వను తీసుకొస్తా ఉంటే, కారణంపేట దగ్గర లోపల టకటకమని సద్దు మొదలయ్యింది. పక్కకు తీసేలోపల ఇంజను పట్టేసింది. వెనకనుంచి లారీలు. ఎనభైనాలుగేండ్ల మనిషి బోండాల అంగడి బెంచీమీద రెండు గంటలు కూర్చునింది. ఆ దినం ఏమైనా అయ్యుంటే ఈ వ్యాసం వేరే మాదిరి ఉండేది.

బండిని షోరూముకు లాక్కుపోయినారు. ఎస్టిమేటు నాలుగు లక్షల పదివేలు. ఇంజను మొత్తం మార్చాల. ఎందుకు పోయింది? "ఆయిల్ స్టార్వేషన్ అయి ఉండవచ్చు." నూనె ఎందుకు అందలేదు? "విప్పితే తెలుస్తుంది, విప్పేదానికి నలభై వేలు కట్టాల."

అప్పుడు నాయన సింగానల్లూరు మేస్త్రి కొడుకును పిలిపించినాడు. తండ్రి ఇప్పుడు లేడు, కొడుక్కే అరవై దాటింది. ఆ మనిషి కంప్యూటరు ఏదీ తీసుకురాలేదు. బానెట్టు తెరిచి, నూనె పుల్ల లాగి, వేళ్ళ నడుమ రుద్ది, ముక్కు దగ్గర పెట్టినాడు. నాయన ముఖం చూసినాము. తాతను చూసినట్లు చూస్తా ఉండాడు. "అణ్ణా, ఇది ఆయిలు కాదు, డీజిలు" అన్నాడు మేస్త్రి. పుల్లమీద గుర్తు ఎక్కడ, నూనె ఎక్కడ! పై గీతకు రెండు వేళ్ళు పైన. షోరూము జాబ్‌కార్డులు తీసి చూసినాము. మూడు సర్వీసులలోనూ "ఆయిల్ లెవెల్ ఓకే" అని టిక్కు. ఎక్కువ ఉన్నా, నిండుగా ఉన్నా వాళ్ళకు ఓకేనే. తక్కువ ఉండేది ఒక్కటే వాళ్ళకు తెలిసిన జబ్బు.

ఆ నూనెను రెండు సీసాలలో పట్టి, సీలు వేసి, తేదీ వ్రాసి, ఇద్దరు సాక్షుల సంతకం తీసుకుని, ఒకటి పరీక్షశాలకు పంపినాము. పలచబడింది, ఇంధనం కలిసింది, బేరింగు లోహం పొడి ఉంది అని వచ్చింది. రెండో సీసా అవ్వ ఊరగాయ బీరువాలో ఉంది. ఎవరూ పొరబాటున తీయకుండా దానిమీద అవ్వే తెలుగులో "ముట్టవద్దు" అని వ్రాసింది. మా ఇంట్లో తెలుగు అక్షరాలు రాసేది అవ్వ ఒక్కతే కాబట్టి, అది చదవగలిగేవాళ్ళు కూడా తక్కువే అనుకోండి.

ఇంక ఇంట్లో జరిగిన మాటలు. ఇది వ్రాయవచ్చునా అని మాలో మేము చాలా మాట్లాడుకున్నాము. చిన్నమ్మే "వ్రాయండి, నేను దాచేది ఏముంది" అనింది.

ఒక బ్రోకరు వచ్చినాడు. పాత ఇంజను ఒకటి తెచ్చి లక్షకు కూర్చోబెడతానన్నాడు. చిక్కటి ఆయిలు పోస్తే నెల దినాలు సద్దు రాదంట, దీపం వెలగకుండా వైరు కోసేస్తానన్నాడు. తరువాత ఆరు లక్షలకు వేరే ఊళ్ళో అమ్మేయవచ్చు. చిన్నమ్మ సరేననింది. ఆమె పక్షం మేము చెప్పాల. మాలో చిన్నదానికి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల అది. ఆ డబ్బే జల్లెడకు పోయింది. లోను కంతు నెలకు పద్దెనిమిది వేలు, కదలని బండికి. "కంపెనీ మనకు చెప్పిందా? మనం మాత్రం ఎందుకు చెప్పాల?" అని అడిగింది.

నాయన ఒప్పుకోలేదు. "నలభై ఏండ్లు పట్టర నడిపినాము. చుట్టిన మోటారును కొత్తదని ఒక్కసారైనా అమ్మినామా? ఈ బండి కొనేవాడు కూడా అప్పు తెచ్చే కొంటాడు" అన్నాడు.

"బావా, ఆ పేరు ఫీజు కడుతుందా?"

నాయన దగ్గర దానికి జవాబు లేదు. మా దగ్గరా లేదు. రెండు దినాలు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. మూడోనాడు చిన్నమ్మే గాజులు తీసుకుపోయి బ్యాంకులో పెట్టి ఫీజు కట్టింది. బ్రోకరుకు ఫోను చేసి రావద్దని చెప్పింది. మనసు మారింది అని మేము వ్రాస్తే అది అబద్ధం. "కొనేవాళ్ళింట్లో కూడా ఒక ముసలామె ఉంటుంది కదా" అని మటుకు అనింది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉండాయి.

2025 ఫిబ్రవరిలో కోయంబత్తూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసినాము. మనవాళ్ళు చాలామంది కోర్టు అంటే లక్షలు అవుతాయని భయపడతారు. కాబట్టి మాకు తెలిసింది చెప్తాము. 2019 చట్టం ప్రకారం వస్తువుకు కట్టిన డబ్బును బట్టి ఏ కమిషన్ అనేది తేలుతుంది. యాభై లక్షలదాకా జిల్లాలోనే. పది లక్షలనుంచి ఇరవై లక్షలలోపు వస్తువుకు ఫీజు 400 రూపాయలు, ఐదు లక్షలలోపు అయితే ఫీజే లేదు. కంపెనీ ఆఫీసు ఎక్కడ ఉన్నా మనం ఉండే ఊళ్ళోనే వేయవచ్చు. గడువు రెండేండ్లు, అది దాటనీయవద్దు. వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. మేము వకీలును పెట్టుకున్నాము, ఎందుకంటే చిన్నాయనకు నలుగురి ముందు మాట పెగలదు.

లోపం చూపులకు తెలిసేది కాకపోతే కమిషన్ దాన్ని తగిన పరీక్షశాలకు పంపించవచ్చు. ఆ ఖర్చు ముందు మనమే కట్టాల. ఇందుకే బండిని విప్పనీయలేదు. ఎవరైనా విప్పి, కడిగి, పాత సామాను పారేస్తే రేపు చూపించేదానికి ఏమీ మిగలదు. పరీక్ష అవసరమైన ఫిర్యాదును ఐదు నెలలలో తేల్చవలెనని చట్టంలో ఉంది, "వీలయినంతవరకు" అనే మాట కూడా ఉంది. ఆ మాట ఎంత పొడవో వాయిదాలకు పోతే తెలుస్తుంది.

ఇంకొకటి. మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణలో, లోపం ఉన్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయాలని సర్కారు ఆజ్ఞ ఇవ్వవచ్చునని ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అమలు. ఏడేండ్లు దాటని బండ్లకు, రోడ్డుమీద ప్రాణానికో పరిసరానికో ముప్పు తెచ్చే లోపాలకు. అమ్మిన బండ్లలో ఎంతమంది ఫిర్యాదు చేసినారు అనే లెక్క మీద అది నడుస్తుంది. మనవాళ్ళు పంక్తిలో కూర్చుని ఒకరికొకరు చెప్పుకునే ఫిర్యాదు ఆ లెక్కలో చేరదు. సేలంలో మన చుట్టం ఒకాయనకు ఇదే బండి, ఇదే టర్బో, ఇదే జవాబు. ఆయన చిల్లిగవ్వ రాదులే అని వదిలేసినాడు. ఆయనను అనేదానికి మాకు నోరు రాదు. రెండు నెలలు దుకాణం మూసి తిరిగేదానికి అందరికీ ఓపిక ఉండదు.

అన్ని ఇంజన్లూ ఒకే రోగంతో పోవు, అది కూడా చెప్పాల. బెంగుళూరు బావ కారులో టైమింగు బెల్టు తెగి వాల్వులు పిస్టన్లకు కొట్టుకున్నాయి. వాళ్ళ పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకు అని ఉంది, ఎన్ని ఏండ్లకు అనేది చిన్న అక్షరాలలో ఉంది. రబ్బరు నడవకపోయినా ముసలిదవుతుంది. చెన్నైలో అక్కవాళ్ళ కారు 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నీళ్ళలో నిలిచింది. నీళ్ళు దిగినాక పక్కింటి కుర్రవాడు సాయానికి వచ్చి స్టార్టు బటను నొక్కినాడు. నీళ్ళు నొక్కితే అణగవు కదా, రాడ్డు వంగింది. మామూలు ఇన్సూరెన్సులో ఇంజనుకు అట్లా అయిన నష్టం ఇవ్వరు, ఇంజను కోసం వేరే కట్టుకోవాల. నీళ్ళలో నిలిచిన బండిని ముట్టకుండా లారీ మీద ఎక్కించి పంపటం ఒక్కటే దారి.

డీజిలు బండి ఊళ్ళో నడిపే మనవాళ్ళకు ఒక మాట. పొద్దున, బండి చల్లగా ఉన్నప్పుడు, సమనేల మీద నిలిపి నూనె పుల్ల చూడండి. తగ్గిందా అని కాదు, పెరిగిందా అని. పెరిగి ఉంటే పుల్లను, కిలోమీటరు మీటరును ఫోటో తీసి పెట్టుకోండి. షోరూముకు ఇచ్చేటప్పుడు జాబ్‌కార్డులో "నూనె పై గీత దాటింది" అని వాళ్ళచేతనే వ్రాయించండి. నోటితో చెప్పినది చెప్పినట్లు కాదు అక్కడ. మార్చిన పాత సామాను ఇమ్మని వ్రాసి అడగండి. ఇవ్వకపోతే ఇవ్వలేదనే కాగితం అయినా చేతిలో ఉంటుంది. మా వకీలు చెప్పింది, నాలుగేండ్ల బిల్లులలో ఆమెకు అన్నిటికంటే పనికివచ్చినది ఆ మూడు "ఓకే" టిక్కులేనంట.

బండి ఇప్పుడు పట్టర వెనక రేకుల షెడ్డులో ఉంది. బ్యాటరీ వైరు తీసి, పైన టార్పాలిను కప్పినాము. దాని పక్కనే తాత ఆయిలింజను ఫ్లైవీలు, ఎవరూ కదిలించలేక వదిలేసినది. చిన్నాయన గణపతికి పన్నెండో నంబరు ఏదో బస్సులో పోతా వస్తా ఉండాడు, ఆదివారాలు ఇంట్లోనే ఉంటాడు. పరీక్షకు నిపుణుణ్ణి పంపమని మేము వేసిన అర్జీకి కంపెనీ ఇంకా జవాబు వేయలేదు, మళ్ళీ గడువు అడిగినారు. సేలం ఆయన తన జాబ్‌కార్డుల నకళ్ళు పంపుతానని పోయిన వారం ఫోను చేసినాడు. వచ్చినాక వాటిని కూడా చేరుస్తాము. వచ్చే వాయిదాలో ఏమయ్యిందో ఇక్కడే వ్రాస్తాము.